సంశయానికి మార్కులు వేయవచ్చునా?

ఒక పనిని చేయగలనని మనిషి తనపై ఉంచుకునే నమ్మకాన్ని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో స్వసామర్థ్య విశ్వాసంగా సిద్ధాంతీకరించగా, కారెన్ టేలర్, నాన్సీ బెట్జ్ 1983లో దానిని వృత్తినిర్ణయానికి అన్వయించి ఒక కొలమానాన్ని రూపొందించారు. తన శక్తిని తాను అంచనా వేసుకోవడం, వృత్తుల సమాచారం సేకరించడం, లక్ష్యాన్ని ఎంచుకోవడం, ప్రణాళిక వేసుకోవడం, ఆటంకాలను అధిగమించడం అనే 5 అంశాలపై 25 ప్రశ్నలున్న దాని సంక్షిప్త రూపానికి వైద్య విద్యార్థి ఇచ్చే జవాబులు, వృత్తిని ఎంచుకోగలనన్న అతని ధీమాను చూపుతాయే గాని, ఎంచుకున్నది తగినదో కాదో చెప్పవు.

ఈ భేదాన్ని భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఏనాడో గుర్తించింది. మసకచీకట్లో తాడును పామనుకుని బెదిరినవాడికి సందేహమే ఉండదు; అంత నిశ్చయంగా ఉన్నప్పటికీ అతనిది విపర్యయం, అంటే తప్పుడు జ్ఞానం. ఉన్నదానిని ఉన్నట్లు గ్రహించే ప్రమకు నిశ్చయం ఒక్కటే చాలదు. ఆ దర్శనం చెప్పిన 16 పదార్థాలలో, అంటే విచారణాంశాలలో, సంశయం మూడవది, నిర్ణయం తొమ్మిదవది. ఇరుపక్షాలనూ తూచి తేల్చుకునే నిర్ణయానికి దారితీసే విచారణను సంశయమే ప్రారంభిస్తుంది.

ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దులో, నిశ్చయం ఒక్కటే చాలునా అన్న ఈ ప్రశ్న పుస్తకాలకే పరిమితం కాదు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. చర్ల, దుమ్ముగూడెం మండలాల పల్లెల నుంచి జ్వరంతో వచ్చిన, కోయ భాష మాత్రమే తెలిసిన వృద్ధురాలి వేలికొన నుంచి మలేరియా పరీక్షకు రక్తపూత తీస్తూ, జ్వరం ఎన్నాళ్లుగా ఉందో ఆమె మనవడి ద్వారా అడిగి తెలుసుకునే యువవైద్యుడికి, నగరంలో రేడియాలజీ చదవాలని అంతకుముందే చేసుకున్న తీర్మానం సడలవచ్చు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినట్టి వరదల్లో దారులు మునిగినప్పుడు వైద్యుడు దగ్గర ఉండటానికి ఎంత విలువో తెలిసినవాడు, లక్ష్యాన్ని గురించిన ప్రశ్నల దగ్గర తక్కువ అంకె వేసుకుంటే, దానిని లోపంగా లెక్కించడం తొందరపాటు.

దృఢనిశ్చయానికి ఆ ప్రాంతమంతా చెప్పుకునే ఉదాహరణ కంచర్ల గోపన్న. 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉంటూ, సర్కారు శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రామాలయం కట్టించి గోల్కొండ చెరసాల పాలైన ఆయన భక్తిని శంకించేవారు లేరు. అయినా ఆ కథను నిలుపుకున్న సంప్రదాయం రామలక్ష్మణుల చేతనే గోల్కొండ సుల్తాను తానీషాకు బాకీ చెల్లింపజేసి, రసీదు పుచ్చుకునేటట్లు చేసింది. భక్తుడి నిశ్చయం ఎంత గొప్పదైనా, కొలువులో ఉన్నవాడి ధర్మం దానితోనే తీరిపోదని ఆ కథ అంగీకరించినట్లే.

కనుక కొలమానాన్ని తోసిపుచ్చనక్కరలేదు గాని, దాని హద్దు తెలిసి వాడాలి. సమాచారం దగ్గర అంకె తగ్గితే పీజీ సీట్లు, గ్రామీణ కొలువుల వివరాలు చెప్పి అధ్యాపకుడు సాయపడగలడు. లక్ష్యం దగ్గర తగ్గితే మాత్రం ధైర్యం నూరిపోసేముందు, ఆ విద్యార్థిని ఆగి ఆలోచింపజేసినదేమిటో అడగాలి. అంకె నిండుగా వచ్చినవాడినీ అదే అడగవలసి ఉంటుంది, ఎందుకంటే ప్రజల సొమ్ముతో నడిచే కళాశాలలో చదివినవాడి ఎంపిక ఎవరికి ఏమి బాకీపడి ఉందన్న ప్రశ్న ఆ 25 ప్రశ్నలలో లేదు.