చేతిలోనున్నది, తనది కానిది

మనుష్యుడు మరణించినప్పుడు అతని నోరు మూతపడును. కాని వీలునామాలో వ్రాసిన అతని మాట అప్పుడే పని మొదలుపెట్టును. మరణశాసనము వ్రాసినవాడు చనిపోయిన తరువాతనే అది చెల్లునని హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక జ్ఞాపకము చేయుచున్నది. ఆ మాటను నెరవేర్చుటకు ఏర్పరచబడినవాడే ఎగ్జిక్యూటరు. ఆస్తియంతయు అతని చేతిలోనుండును. కాని చేతిలోనున్నంత మాత్రమున అది అతనిది కాదు. అతని నమ్మి అప్పగించినవాడు ఇక వచ్చి లెక్క అడుగడు. అట్టి స్థితిలో నమ్మకత్వమనగా ఏమి?

బెంగాల్ నాగపూర్ రైల్వే దినములనుండి అనేక తెలుగు కుటుంబములు ఖరగ్‌పూరులో స్థిరపడినవి. అక్కడ గాని, దాపుననున్న సాలువాలో గాని, పింఛను పుచ్చుకొనుచున్న ఒక రైల్వే ఉద్యోగి మరణించెననుకొందము. అక్కడొక ఇల్లు, శ్రీకాకుళము జిల్లాలో కొంత పొలము, బ్యాంకులో కొంత డిపాజిటు ఉన్నవి. పెద్ద కుమారుడే ఎగ్జిక్యూటరు. డిపాజిటుకు నామినీయు అతడే. "కాగితము మీద పేరు నాదే గదా" అను తలంపు ఇక్కడనే మొలచును. అయితే బ్యాంకు డిపాజిటునకు నామినీ సొమ్ము అందుకొనువాడే గాని దానికి యజమానుడు కాడని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము చెల్లింపులకు ఒక వరుస ఏర్పరచినది. మొదట భూస్థాపన ఖర్చులు, కడపటి వ్యాధి ఖర్చులు; పిమ్మట కోర్టు ఖర్చులు; ఆ పిమ్మట, మరణమునకు ముందు మూడు నెలలలో పనిచేసిన కూలివానికి, చేతిపనివానికి, ఇంటి పనివారికి రావలసిన జీతము; తరువాత తక్కిన అప్పులు. వీలునామాలో వ్రాసిన భాగములు వీటన్నిటికిని వెనుకనే. వేల రూపాయలు అప్పిచ్చినవానికంటె ముందుగా, ఆ ఇంట అంట్లు తోమిన స్త్రీ నిలుచుచున్నది! కూలివాని జీతము మరునాటివరకు ఉంచుకొనవద్దన్న మోషే ధర్మశాస్త్రమునెరిగినవారికి ఇది వింత కాదు.

పన్ను మాటయు అట్టిదే. 1953లో వచ్చిన ఎస్టేటు డ్యూటీ, 1985 మార్చి 16 మొదలుకొని సంభవించిన మరణములకు రద్దయ్యెను. కావున నేడు మన దేశములో వారసత్వపు పన్ను లేదు. అయినను మృతుడు తన మరణదినము వరకు చెల్లింపవలసిన ఆదాయపు పన్ను మిగిలియుండును. "చచ్చినవానిని ఎవరు అడుగుదురు?" అని దానిని దాచి ఆస్తి పంచుట అప్పు ఎగవేయుటయే, దానికి పంచినవాడే బాధ్యుడగును.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న ఒకటి కలదు. తండ్రి ఆస్తియంతయు కుమారులకే వ్రాసి, "కట్నమిచ్చితిమి గదా" అని కుమార్తెను విడిచిపెట్టెననుకొనుడి. వీలునామా లేనిచో ఈ చట్టము ప్రకారము కుమారునికిని కుమార్తెకును సమభాగమే. సెలోపెహాదు కుమార్తెలు మోషే యెదుట నిలిచి స్వాస్థ్యమడిగినప్పుడు, వారి మాట న్యాయమని దేవుడే సెలవిచ్చెను. అయితే ఎగ్జిక్యూటరు ఆ అన్యాయమును తానే దిద్దవచ్చునా? దిద్దరాదు. తమ్ముని భాగము తీసి చెల్లెలికిచ్చుట ఔదార్యము కాదు. పరుల సొమ్ముతో చేయు ధర్మము ధర్మము కాదు. వ్రాసినది వ్రాసినట్లు నెరవేర్చుటయే అతని విధి. కాని తన వంతుకు వచ్చిన భాగము నిజముగా తనది. దానిలోనుండి చెల్లెలికిచ్చుటకు ఏ చట్టమును అడ్డురాదు. ఎగ్జిక్యూటరుగా చేయరానిది అన్నగా చేయవచ్చును. మొదటిది నమ్మకత్వము, రెండవది ప్రేమ. ఒకదాని పేరు చెప్పి రెండవదానిని తప్పించుకొనువాడు రెంటిని పోగొట్టుకొనును.

స్వాస్థ్యము పంచిపెట్టుమని తన సహోదరునితో చెప్పుమని ఒకడు వేడినప్పుడు, ప్రభువు పంచువాడుగా ఉండనొల్లక, లోభమునుగూర్చి హెచ్చరించెను. హద్దురాయి పొలములో పాతకమునుపే హృదయములో కదలునని ఆయన ఎరుగును. కావున చదువరీ, అట్టి బాధ్యత నీకు వచ్చినచో ప్రతి రూపాయిని వ్రాసియుంచుము. తోబుట్టువులు అడుగకమునుపే ఆ పుస్తకము వారి యెదుట తెరువుము. మృతుడు చూడలేని లెక్కను బ్రదికియున్నవారికి చూపుటయే అతనికి చేయు కడపటి మర్యాద.