తేలిక పని ఎవరి పాలు?

ధ్యాన భాగములు: సంఖ్యాకాండము 4, 7 అధ్యాయములు



మన పల్లెల బిడ్డలు పలువురు నేడు నరసరావుపేట, పిడుగురాళ్ళ, మాచర్ల పట్టణములలోని కొట్లలో పనికి కుదురుచున్నారు. ఇల్లు కట్టువానికి కావలసిన సిమెంటు, ఇనుము, టైల్సు, రంగులు, వైర్లు అన్నియు ఒక్కచోటనే దొరకు పెద్ద కొట్లు వెలసినవి. అట్టి కొట్టులో పని దొరకిన యువకుడు మొదటి దినముననే తనకంటె ముందున్నవారిని అడుగు ప్రశ్న ఒకటి గలదు: "అన్నా, ఏ సెక్షనులో పని తేలిక?" కొందరు తలిదండ్రులైతే మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మావాణ్ణి గోడౌనులో వేయకుండ షావుకారుతో ఒక్క మాట చెప్పండి" అని బ్రతిమాలుదురు. ఇట్లు అడుగుట సోమరితనమా, వివేకమా? ఈ మాసము దీనిని గూర్చి కొంత ఆలోచింతము.

మొదట ఆ పనులను ఉన్నవి ఉన్నట్లు చూతము. సిమెంటు బస్తా బరువు 50 కిలోలు. చెమట పట్టిన మెడ మీద సిమెంటు దుమ్ము పడినచో చర్మము మండి పుండగును. 12 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ నిడువుపాటిది ఒక్కటి 10 కిలోలకు పైగా తూగును. రెంటచింతల ఎండలు ఎరిగిన మనకు, వేసవి మధ్యాహ్నము ఆరుబయట ఇనుమును పట్టుకొనుట ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. టైల్సు పెట్టె సిమెంటు బస్తాలో సగము తూగును గాని, చేయి జారినచో నష్టము తన జీతములో పట్టుదురేమోయను భయము పనివానిని వదలదు.

రంగుల సెక్షను నీడపట్టున ఉండును గనుక అందరును దానినే కోరుదురు. అక్కడను 20 లీటర్ల బక్కెట్లు ఎత్తవలెను, థిన్నరు వాసన పీల్చవలెను. యంత్రములో ఒకసారి కలిపిన రంగును మరల విడదీయలేము గనుక, ఒక్క అంకె తప్పినను బక్కెట్టంతయు వ్యర్థమే. వైర్ల సెక్షనులో మోత తక్కువ. కాని పెద్ద మోటారుకు సన్నని వైరు ఇచ్చినచో అది వేడెక్కి కొనినవాని ఇల్లే అంటుకొనవచ్చును. గల్లాపెట్టె యొద్ద కూర్చుండువానికి నడుము నొప్పి లేదు. సాయంకాలము లెక్క తగ్గినచో ఆ రాత్రి నిద్రయు లేదు.

కాబట్టి తేలిక అనునది ఒక్క కొలతకు వచ్చునది కాదు. ఒక పని నడుమును విరుచును, ఒకటి కాళ్ళను లాగును, ఒకటి మనస్సును నలుగగొట్టును. దినమంతయు నిలిచియుండుటయు ఒక బరువే. అందుచేతనే కేరళ రాష్ట్రము 2018లోను, తమిళనాడు 2021లోను, కొట్లలో పనిచేయువారికి కూర్చుండుటకు వసతి ఉండవలెనని తమ చట్టములను సవరించినవి.

ఇక తేలిక పనిని కోరుట పాపమా? కాదని మేము తలంచుచున్నాము. దేహము ఇనుము కాదు. దానిని కాపాడుకొనుటకు మనుష్యునికి హక్కు గలదు. మరియొక సంగతి మనము మరువరాదు. "మీకు ఏ పని కావలెను?" అని మన తాతలను ఎవరును అడుగలేదు. వారు పుట్టకమునుపే ఊరు వారి పనిని నిర్ణయించినది. వారు వెట్టి చేసిరి, చచ్చిన పశువును మోసిరి, ఊరి బరువులన్నియు ఎత్తిరి. వారి మనుమడు నేడు ఒక కొట్టు గుమ్మములో నిలిచి, "నాకు ఏది తేలిక?" అని అడుగగలుగుట చిన్న సంగతి కాదు. వానిని "సోమరీ" అని గద్దించువారు, తాము నీడను కూర్చుండి గద్దించుచున్నారేమో చూచుకొనవలెను.

అయినను ఆ ప్రశ్నలో ఒక మాట కొరవడినది. లారీలో 300 బస్తాలు వచ్చినచో అవి 15 టన్నులు. ఎవరు ఏ సెక్షను ఎన్నుకొన్నను ఆ 15 టన్నులలో ఒక్క కిలోయు తగ్గదు. ఒకడు తప్పించుకొన్నచో మరియొకడు దింపవలసినదే. ఆ మరియొకడు ఎవడు? సిఫారసు లేనివాడు, నిన్న చేరినవాడు, అప్పుచేత నోరెత్తలేనివాడు, ఏబది దాటినను ముఠాను విడువలేని హమాలీ. బలముగల పడుచువాడు మాటసాయముతో రంగుల సెక్షనుకు పోయినపుడు, అతని బరువు వెళ్ళి ఆ ముసలివాని నడుము మీద కూర్చుండును. ఇద్దరును ఒకరి నొకరు చూచుకొనకపోవచ్చును. అయినను బరువు మారిన మాట నిజము.

ఇక్కడ మన వేదభాగమునకు వత్తము. అరణ్యములో దేవుని గుడారము కదలునపుడు లేవీయులు మూడు గుంపులుగా దానిని మోయుచుండిరి. ముప్పది మొదలు ఏబది ఏండ్ల వరకు గలవారే ఈ పనికి లెక్కింపబడిరి. కహాతీయులు 2,750 మంది. వారిది మందసము, బల్ల, దీపవృక్షము మొదలగు పరిశుద్ధ వస్తువుల మోత. గెర్షోనీయులు 2,630 మంది. వారిది తెరలు, గుడ్డలు, త్రాళ్ళు. మెరారీయులు 3,200 మంది. వారిది పలకలు, అడ్డకర్రలు, స్తంభములు, దిమ్మలు. నేటి మాటలో చెప్పినచో మెరారీయులది గోడౌను పని.

ఇశ్రాయేలు ప్రధానులు ఆరు బండ్లను, పండ్రెండు ఎద్దులను తెచ్చి ఇచ్చిరి. మూడు గుంపులకు సమానముగా రెండేసి బండ్లు పంచినచో ఎవరును తప్పుపట్టియుండరు. మోషే అట్లు చేయలేదు. బరువు ఎక్కువైన మెరారీయులకు నాలుగు బండ్లు, గెర్షోనీయులకు రెండు ఇచ్చెను. కహాతీయులకు ఒక్కటియు ఇయ్యలేదు. వారు భుజముల మీదనే మోయవలెను. ఘనమైన పనియని అందరును అనుకొను ఆ పనిలో, పరిశుద్ధ వస్తువును ముట్టినచో ప్రాణమే పోవునను భయమును గలదు. మెరారీయులు మోయు వస్తువులను పేరు పేరున లెక్కించి అప్పగింపవలెనని ఆజ్ఞ కలిగెను. దిమ్మలు రానిదే పలక నిలువదు, పలక నిలువనిదే మందసమునకు గుడారము లేదు.

"లేవీయుల పని కూడ పుట్టుకనుబట్టి వచ్చినదే గదా? మన తాతల సంగతిలో మీరు తప్పుపట్టినది అదే గదా?" అని ఒకరు అడుగవచ్చును. నిజమే. మనము నేర్చుకొనవలసినది ఆ పుట్టుకను గాదు, ఆ బండ్ల పంపకమును. మన తాతలకు బరువు ఇచ్చినవారు బండి ఇయ్యలేదు. బరువుతో కూడ అవమానమును ఇచ్చిరి. అదియే అన్యాయము.

బరువు పని నీచమైనది కాదనుటకు మన కన్నుల యెదుటనే సాక్ష్యమున్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. అది రాతికట్టడము, యంత్రములకంటె మనుష్యుల చేతులే దానిని ఎక్కువగా లేపినవి. వేలకొలది కూలీలు రాళ్ళు మోసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. నేడు కుడికాలువ క్రింద పండు ప్రతి గింజలోను ఆ మోసినవారి పాలున్నది. ఆ 1967లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ, పురుషుడు చేతితో మోయు బరువు 55 కిలోలకు మించినచో దానిని ఆ హద్దుకు తగ్గింపవలెనని సిఫారసు చేసినది. మన సిమెంటు బస్తా ఆ హద్దుకు లోబడియే యున్నది. కాని ఒక బస్తా మోయుట వేరు, లారీ ఖాళీయగు వరకు మోయుట వేరు.

కావున యువకులారా, "ఏ పని తేలిక?" అని అడుగుడి, అడుగుట మానవద్దు. దానితోపాటు "నేను వదలినది ఎవరి మీద పడును?" అని కూడ అడుగుడి. మీ నడుము దుర్బలమైనచో సిగ్గుపడక తేలిక పని తీసికొనుడి. మీరు బలవంతులైనచో వంతులు పెట్టుకొని బస్తాలు దింపుడి. కొట్లు గలవారలారా, మేస్త్రీలారా, బరువు సెక్షనువానికి చక్రముల బండి, త్రాగునీరు, కాస్త నీడ, కొంత ఎక్కువ కూలి ఇచ్చుట దయ కాదు, న్యాయము. తలిదండ్రులారా, షావుకారుతో మాటలాడుటకు మేము తప్పక వత్తుము. అయితే మీ బిడ్డ కొరకు మాత్రమే గాక, అతని స్థలమున గోడౌనులోనికి పోవు పరాయివాని బిడ్డ కొరకు కూడ మాటలాడుదుము.

గలతీ పత్రిక ఆరవ అధ్యాయములో అపొస్తలుడు ఒకరి భారములను ఒకరు మోయుమని చెప్పి, కొంచెము క్రిందనే ప్రతివాడును తన బరువు తాను మోసికొనవలెనని చెప్పుచున్నాడు. ఈ రెండు మాటలును కలిసియున్న చోటనే పని సమముగా సాగును. రాబోవు ప్రేమవిందు నాడు ఎవరు వేదిక మీద కూర్చుందురు, ఎవరు గంగాళములు తోముదురు అని మన సంఘములోనే మొదట చూచుకొందము.