జట్కా గుర్రానికి మనిషి బాకీ

నోరులేని జీవి చేత బండి లాగించుకోవడం ధర్మమేనా? కోస్తా పట్టణాల్లో జట్కా తప్ప వేరే దారి లేని రోజుల్లో ఈ ప్రశ్న పెద్దగా ఎవరికీ తట్టలేదు. ఆటోలు, బస్సులు వచ్చాక జట్కాలు దాదాపు కనుమరుగయ్యాయి. అయినా గుర్రబ్బండి పెళ్లి ఊరేగింపుల్లో, కొన్ని నగరాల విహారస్థలాల్లో మిగిలింది. అవసరం పోయి వేడుక మిగిలాక ప్రశ్న పదునెక్కింది.

దీనిపై సూటిగా మాట్లాడింది జైనం. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం గృహస్థుడి అహింసావ్రతానికి ఐదు అతిచారాలను చెప్పింది: కట్టిపడేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు వేయడం, మేతా నీళ్లూ ఆపడం. పశువుతో పనిచేయించుకోవడాన్నే ఆ జాబితా తప్పుపట్టలేదు. అది లెక్కించిన తప్పు అతిభారం. పశువు మీద ఆధారపడి బతికే మనిషిని ఎరిగిన సూత్రమది.

కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, ఇంద్రియాలను గుర్రాలుగా పోల్చింది. అక్కడ గుర్రం అదుపులో పెట్టవలసినది మాత్రమే. మహాభారతం ద్రోణపర్వంలో ఆ గుర్రానికి దాహం కూడా ఉంది. పొద్దు గుంకేలోగా సైంధవుణ్ణి చంపకపోతే అర్జునుడికి అగ్నిప్రవేశమే గతి. అంతటి తొందరలోనూ రథం ఆగింది. అర్జునుడు బాణంతో నేల చీల్చి కొలను పుట్టించాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, ఒంట్లో దిగిన బాణాలు పెరికి, మాలిష్ చేసి, నీళ్లు పట్టి, మళ్లీ పూన్చాడు. గుర్రాన్ని పూన్చే హక్కుకు ఇంతకంటే గట్టి షరతు ఏ శాస్త్రమూ పెట్టలేదనిపిస్తుంది.

ఆ షరతునే నేటి చట్టం అంకెల్లోకి దింపింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1965లో వచ్చిన నియమాల ప్రకారం బండి లాగే పశువు చేత రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించరాదు. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టరాదు. ముసునూరు, నూజివీడు మామిడి తోటల్లో కోతలు సాగే ఏప్రిల్, మే నెలల్లో ఆ మూడు గంటలూ చాలా రోజులు పశువు నీడలోనే ఉండాలన్నమాట.

ముంబైలో సరదా షికార్లకు తిరిగే విక్టోరియా బండ్లు చట్టవిరుద్ధమని 2015లో బొంబాయి హైకోర్టు తేల్చింది. బండ్లవాళ్ల పునరావాసం గురించీ ఆలోచించమంది. ఆ రెండో మాటే కీలకం. ఎక్కేవాడి సరదా గుర్రం శ్రమకు సరితూగదు. తోలేవాడి కూడు మాత్రం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు.

అన్నిటికంటే బరువైన ప్రశ్న గుర్రం ముసలిదయ్యాక వస్తుంది. ఆకలికి వదిలేయడం నేరమని చట్టం చెబుతుంది. బేరం లేని బండివాడు ఉలవలు ఎలా కొనాలో చెప్పదు. పనిచేసిన ఏళ్లకు ఆ జీవికి బాకీ పడ్డది బండివాడొక్కడే కాదు, ఎక్కినవాళ్లందరూ. గుర్రబ్బండిని ముచ్చటగా నిలుపుకోదలచిన నగరం ముసలి గుర్రం మేత ఖర్చును ఎక్కేవాడి బాడుగలోనే కలపాలి.