కదలని బిడ్డయే బుద్ధిమంతుడా?

మన యిండ్లలో బుద్ధిమంతుడను పేరు ఏ బిడ్డకు దక్కుచున్నదో యొకపరి విచారింపుడు. పెద్దలు మాటలాడుచుండగా చాప కొసను కదలక మెదలక కూర్చుండువానికి. బంధువుల యింటికి పోయినపుడు కూర్చుండబెట్టిన చోటనే యుండువానికి. బడిలో చేతులు కట్టుకొని నోటిపై వ్రేలుంచుకొన్నవానికి. అరుగుమీదినుండి దుమికెడువాడు అల్లరివాడు, కిటికీ కడ్డీలు పట్టుకొని యెగబ్రాకెడువాడు కోతి, ఆ పనియే ఆడుపిల్ల చేసినచో మగరాయుడు. అబద్ధమాడెనా, తమ్ముని వంతు తినెనా, కుక్కపిల్లను హింసించెనా యని చూచి గుణమెంచవలసిన మనము, ఎంతసేపు కదలకుండెనో చూచి యెంచుచున్నాము. ఇది మాటల పొరపాటు మాత్రమే యైనచో పోనిండని యూరకుండవచ్చును. కాని యీ కొలమానమువలన బిడ్డల యెముకలకును, కండలకును, కన్నులకును, అన్నిటికంటె ముఖ్యముగా ధైర్యమునకును నష్టము కలుగుచున్నది.

కదలుట బిడ్డకు తొలి విద్య. 2012లో ప్రకటింపబడిన యొక పరిశోధనయందు, 12 మొదలు 19 నెలల ప్రాయముగల శిశువులు తమ యిచ్చవచ్చినట్లు ఆడుకొనుచుండగా వారి యడుగులను లెక్కించిరి. గంటకు సగటున 2368 అడుగులు వేసిరి. 17 మారులు పడిరి. ఏదేని యొక విద్య నేర్చుటకు గంటకు పదునేడు మారులు నలుగురి యెదుట నోడిపోవుటకు మనలో నెవరు సిద్ధపడుదురు? బిడ్డ పడును, లేచును, మరల పోవును. అట్లు పడుటలోనే నేల వాలును, గడప యెత్తును, తన కాళ్ళ బలమును తెలిసికొనుచుండును. ఇది మఱియొకరు చెప్పగా వచ్చు జ్ఞానము కాదు. పడునేమోయని యెల్లప్పుడు చంకనెత్తుకొన్న తల్లి బిడ్డను కాపాడుచున్నానని తలచును గాని, ఆ బిడ్డ పాఠములను గూడ తానే యెత్తుకొని పోవుచున్నది.

ఇందు తొందరయు తగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఇండియా, ఘనా, నార్వే, ఓమన్, అమెరికా దేశముల శిశువులను పరిశీలించి 2006లో ప్రకటించిన లెక్కల ప్రకారము, ఆరోగ్యముగల బిడ్డ ఆధారము లేక నడచుట యెనిమిది నెలలు నిండినది మొదలు పదునేడు నెలలు దాటువఱకు నెప్పుడైనను జరుగవచ్చును. నూటికి నలుగురు చేతులతో మోకాళ్ళతో ప్రాకనే ప్రాకక నడక నేర్చిరి. కావున పొరుగింటి పాప పదవ నెలలోనే నడచినదని కోడలిని దెప్పుటకు శాస్త్రాధార మేమియు లేదు. పదునెనిమిది నెలలు నిండినను నడువని బిడ్డను మాత్రము తప్పక వైద్యునకు చూపవలెను. త్వరగా నడచునని కొని తెచ్చి యందు కూర్చుండబెట్టు చక్రముల వాకరు నడకను త్వరపెట్టదు సరికదా, అపాయకరము. కెనడా ప్రభుత్వము 2004లో దాని విక్రయమునే నిషేధించినది. బిడ్డ తాను నిలిచి త్రోసికొనిపోవు మన మూడు చక్రముల కొయ్యబండి మాట వేఱు. అందు బరువు మోయునవి బిడ్డ కాళ్ళే. బుడాపెస్టు నగరమున 1946లో దిక్కులేని శిశువులకై యొక గృహమును నెలకొల్పిన ఎమ్మీ పిక్లర్ అను వైద్యురాలు, తనంతట కూర్చుండజాలని శిశువును కూర్చుండబెట్టరాదనియు, నిలువజాలని శిశువును నిలువబెట్టరాదనియు నియమించినది. బిడ్డ దేహమునకు యజమాని బిడ్డయే యని యామె మతము. మనలో ననేకులకు ఈ మాట వింతగా తోచును.

నడక వచ్చినతోడనే శరీరవిద్య ముగిసినదనియు, తక్కినవన్నియు వయస్సుతోపాటు వాటంతట నవే వచ్చుననియు మఱియొక భ్రమ కలదు. దుముకుట, విసరుట, పట్టుకొనుట, ఒంటికాలిపై నిలుచుట, పరుగులో చటుక్కున ప్రక్కకు తిరుగుట—ఇవి యభ్యాసము లేక కుదురవు. మన పిల్లల యాటలు వీనిని ఏ జీతపు గురువు లేకయే నేర్పినవి. తొక్కుడుబిళ్ళలో తూకము, గోటీబిళ్ళలో గుఱి, అచ్చనగాయలలో కంటికిని చేతికిని పొత్తు, చెడుగుడులో ఊపిరి నిలుపుట, కోతికొమ్మచ్చిలో కొమ్మ బలమును అరచేతితో నంచనా వేయుట అలవడుచుండెను. అంతకుమించి, వంతు విడుచుట, ఓడినపుడు కోపము దిగమ్రింగుట, చిన్నవానిని 'ఆటలో అరటిపండు'గా చేర్చుకొని వాని మనసు నొవ్వకుండ చూచుట—ఇవి నీతిపుస్తకములలో నుండు విషయములే గాని, పుస్తకముకంటె వీథి వీనిని చక్కగా నేర్పినది.

పూర్వకాలమును పొగడుటకై దీనిని వ్రాయుటలేదు. ఆ పూర్వకాలమే ఆడుపిల్ల యీడేరగానే తొక్కుడుబిళ్ళను చేతినుండి లాగికొని మూల కూర్చుండబెట్టినది. ఈ యాచారములోని క్రౌర్యమును శరీరశాస్త్రము నేడు లెక్కగట్టి చూపుచున్నది. ఆడుపిల్లలకు సుమారు పండ్రెండవ యేటను, మగపిల్లలకు పదునాలుగవ యేటను దేహము మిక్కిలి వేగముగా పెరుగును. ఆ సమయమునకు ముందువెనుకలు కలిపి రెండేండ్లలోనే, పెద్దయైన పిమ్మట ఎముకలలో నుండవలసిన ఖనిజసారములో నించుమించు నాలుగవ వంతు చేరును. దుమికిన యెముకయే గట్టిపడును. సరిగా నా రెండేండ్లయందే మనము 'ఇక గంతులు మానుము, పెద్దదానవైతివి' యని చెప్పుచున్నాము. అరువదియవ యేట స్నానపుగదిలో జాఱి తుంటి విఱిగిన బామ్మగారిని జూచి కర్మమనుకొందుము. ఆమె పండ్రెండవ యేటి సంగతి యెవరికిని జ్ఞప్తికి రాదు. శ్రీకాకుళము జిల్లా పల్లెలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీలో 240 కిలోల బరువెత్తి, ఒలింపిక్ పతకము నందిన తొలి భారత మహిళ యయ్యెను. ఆ దినమున తెలుగువారందఱు గర్వించిరి. గర్వించిన యిండ్లలో నెన్నిటియందు ఆడుపిల్ల సాయంకాలము వీథిలో పరుగెత్తుటకు సెలవు దొరకెనో చెప్పజాలము. మనకిది పాత యలవాటే. కోడి రామమూర్తినాయుడు ఱొమ్ముపై నేనుగు నెక్కించుకొన్న కథను కన్నులింతలు చేసికొని చెప్పుదుము. చెప్పుచుండగా మధ్యలో బిడ్డ కదలినచో 'కుదురుగా కూర్చుండుము' అని గద్దింతుము.

ఇక బడి. అచ్చట వ్యాయామమునకు దక్కిన ప్రధానస్థానము శిక్షాస్మృతియందే. పాఠము రానివానికి గుంజీలు, ఆలస్యముగా వచ్చినవానికి మైదానము చుట్టు పరుగు, మాటలాడినవానికి గోడకుర్చీ. పరుగును దండనగాను, కూర్చుండుటను సన్మానముగాను పదియేండ్లు బోధించి, పిమ్మట నలువదవ యేట వైద్యుడు నడువుమన్నప్పుడు మనుష్యునికి విసుగేల పుట్టునని యాశ్చర్యపడుదుము. 2009నాటి విద్యాహక్కు చట్టము బడికి ఆటస్థలముండవలెననియు, దేహదండనము కూడదనియు చెప్పుచున్నది. అయినను మేడమీది గదులలో నడచు బడులెన్నియో మనకు తెలియును. స్థలమున్నచోట గూడ పరీక్షలు సమీపించగానే ఆటల గంట గణితమున కర్పణమగును. అయిదేండ్లు మొదలు పదునేడేండ్లవఱకు దినమునకు సగటున 60 నిమిషములైనను ఆయాసము వచ్చునట్లు కదలవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

చదువు చెడునను భయము తల్లిదండ్రులకు సహజము. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరమున పండ్రెండు బడులలో జరిగిన పరీక్షయొక్క ఫలితములను 2015లో ప్రకటించిరి. కొన్ని బడులలో మొదటి తరగతి పిల్లలను దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట నుంచిరి. మూడేండ్లలో ఆ బడులయందు నూటికి 30.4 మందికి హ్రస్వదృష్టి కలుగగా, తక్కిన బడులలో 39.5 మందికి కలిగినది. కన్నులను కాపాడుకొనుట చదువునకు విరోధమని యెవరును అనరు గదా.

కుదురుగా నుండుట గూడ నొక గుణమే గదా యందురు. నిజమే, అది లోపలినుండి పుట్టినపుడు. ఇసుకలో గూడు కట్టుకొను పిల్ల ఎవరు చెప్పకయే గంటసేపు తల యెత్తదు. ఆ కుదురు వేఱు, బెత్తమునకు వెఱచి బిగుసుకొన్న కుదురు వేఱు. నేడు మూడవది యొకటి వచ్చినది: సెల్‌ఫోను చేతికిచ్చి కొనుక్కొన్న కుదురు. అన్నము తినిపించుటకు ఫోను, అతిథులు వచ్చిరని ఫోను. అయిదేండ్లలోపు పిల్లలను ఒక్కసారి గంటకు మించి కదలనీయక కట్టి కూర్చుండబెట్టరాదనియు, ఏడాది నిండని శిశువునకు తెర చూపనే రాదనియు 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా యిచ్చినది. అలసిన తల్లిని నిందించుట నా యుద్దేశము కాదు. ఒక్క యాడుదానికి వంటయు, ఉద్యోగమును, బిడ్డయు నప్పగించి తాను వార్తలు చూచుకొను తండ్రి యా ఫోనును తన చేతినుండి దించి బిడ్డను వీథికి తీసికొనిపోవచ్చును.

వీథి యనగానే వాహనముల భయము ముందు నిలుచును. ఆ భయము నిజమైనదే. దానికి తల్లుల పిఱికితనమని పేరు పెట్టుట యన్యాయము. పల్లెలో చెఱువుగట్టున్నది, పట్టణములో నేమున్నది? మేడల సముదాయములలో సైతము గోడమీద 'ఇచ్చట ఆడరాదు' అని పలక కనబడును. ఆ సముదాయముల సంఘసమావేశములలో కార్లు నిలుపు చోటుకొఱకు గంటలకొలది వాదము జరుగును. పిల్లలు పరుగెత్తు చోటుకొఱకు లేచి యడుగువారు అరుదు. అడుగవలసినవారికి వయస్సు చాలదు గనుక వారు సంఘమున సభ్యులు కారు.