కరణ వివేకము

నల్లగొండ, పాలమూరు సీమలలో పిల్లలకు ఆటలు నేర్పు వ్యాయామోపాధ్యాయుడు, ఊరెల్ల ‘పీఈటీ సారు’ అని పిలుచుకొను ఆయన, జీతములో మిగిల్చిన 30,000 రూపాయలు జేబులో పెట్టుకొని, ఒక ల్యాప్‌టాప్ కొనదలచి సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు మెట్లెక్కునప్పుడు, ఆయన యెదుట నిలిచిన ప్రశ్న ధరకు మాత్రమే సంబంధించినదిగా పైకి కానవచ్చును. ఏ కంపెనీది, ఎంత ర్యాము, వారంటీ ఎన్నాళ్లు అని ఆయన అడుగును, దుకాణదారుడు చెప్పును. కాని ఆ బేరము అడుగున మన పూర్వులు మిక్కిలి శ్రద్ధతో విచారించిన ప్రశ్న యొకటి యున్నది: మనుష్యుడు చేయు కర్మలో సాధనమునకు గల స్థానమెట్టిది? దానికై ఎంత వ్యయపడుట ధర్మము, ఎచ్చట ఆగుట ధర్మము? ఈ ప్రశ్నను వేదాంతులకును, ఆ యంత్రమును వ్యాపారులకును విడిచిపెట్టినచో రెండింటికిని అన్యాయమే జరుగునని నా విశ్వాసము.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున కర్మసిద్ధికి అయిదు హేతువులు చెప్పబడినవి. అధిష్ఠానము, కర్త, కరణము, నానావిధములైన చేష్టలు, అయిదవదిగా దైవము. అధిష్ఠానమనగా శరీరమనియు, కరణములనగా ఇంద్రియములనియు శంకరాచార్యులు వ్యాఖ్యానించిరి; ఆ ఇంద్రియములకు తోడుగా మనము కల్పించుకొన్న పరికరములను గూడ కరణములలో చేర్చుకొనుట నేటి మన బ్రతుకునకు తగియున్నది. ఆ వెంటనే, ఇన్ని హేతువులుండగా తానొక్కడే కర్తనని తలచువాడు సరిగా చూడనివాడని గీత హెచ్చరించుచున్నది. ఈ హెచ్చరిక ఆటలు నేర్పువానికి మరింతగా వర్తించును. ఏలయనగా మైదానమున పరుగెత్తునది ఆయన కాదు. పిక్కలు పట్టుకొనునది, ఊపిరి అందక వంగిపోవునది, గెలిచినపుడు పొంగునది ఆ బాలిక. అధిష్ఠానము ఆమె దేహము, కర్త ఆమె, చేష్ట ఆమెది. గురువు ఆమెకు ఒక కరణము మాత్రమే. అట్టి గురువు ల్యాప్‌టాప్ కొనుటయనగా ఒక కరణము మరియొక కరణమును వెదకికొనుట. ఈ వరుస మనస్సునకు పట్టినవాడు దుకాణములో మొదట తన్ను గూర్చి తలచుకొనడు.

ఈ మాట ఊరక పలికిన తత్త్వముగా మిగిలిపోకుండుటకై లాంగ్ జంప్ నేర్చుకొను ఒక బాలికను దగ్గరగా చూతము. పరుగెత్తి వచ్చి ఆమె పాదము మోపవలసిన చెక్కపలక వెడల్పు 20 సెంటీమీటర్లు. ఆమె సెకనుకు ఏడున్నర మీటర్ల వేగముతో వచ్చుచున్నదనుకొందము. సాధారణముగా ఫోనులో తీయు వీడియో సెకనుకు 30 చిత్రములది. అనగా ఒక చిత్రమునకును, తరువాతి చిత్రమునకును నడుమ ఆమె దేహము 25 సెంటీమీటర్లు, ఆ పలక వెడల్పుకంటె అధికముగా, ముందునకు సాగిపోవును. పాదము పలకను తాకిన క్షణమున నడుము పాదమునకు ఎంత వెనుకబడి యున్నది, చివరి అంగను అతిగా చాచి ఆమె తన వేగమునకు తానే అడ్డుకట్ట వేసికొనుచున్నదా అను సంగతి ఆ సందులో జారిపోవును. స్లో మోషనులో సెకనుకు 120 చిత్రములు తీసినచో ఆ యెడము ఆరు సెంటీమీటర్ల పైచిలుకునకు తగ్గును. దోషము కంటికి చిక్కును. గ్రౌండులో నిలిచి ఇరువది యేండ్లు పిల్లలను చూచిన గురువునకు ఆ దోషము ముందే తెలిసియుండవచ్చును. కాని ఆ బాలికకు తెలియదు. ‘కాలు ముందుకు చాపుతున్నవు బిడ్డా’ అని నూరుసార్లు చెప్పినను పట్టుబడనిది, తన కాలిని తాను తెరపై నిలిపి చూచుకొన్న నాడు పట్టుబడును. ఆ చూపు ఆమెకు కలిగించుటయే ఈ యంత్రముతో పని.

ఇప్పుడు గమనింపదగినదేమనగా, ఆ సూక్ష్మమును పట్టినది ఫోనులోని కెమెరా, ల్యాప్‌టాప్ కాదు. ల్యాప్‌టాప్ ఆ చిత్రములను ఒక్కొక్కటిగా, తడబడక, ముందునకును వెనుకకును కదలింపగలిగిన చాలును. కినోవియా అను ఉచిత సాఫ్ట్‌వేరు కలదు, విండోసుపై నడచును, చిత్రముమీద మోకాటి కోణమును కొలిచి చూపును, నిన్నటి దూకును నేటి దూకును ప్రక్కప్రక్కన నిలుపును. దీనికి 8 జీబీల ర్యామును, తిరుగుడు హార్డ్ డిస్కునకు బదులు ఒక ఎస్‌ఎస్‌డీయును ఉన్న యంత్రము తగినంతది. వీడియో ఆటల కొరకని అమ్ము భారీ గ్రాఫిక్స్ కార్డు వలదు. మడతపెట్టు తెర వలదు. అతి సన్నని దేహము అసలే వలదు, ఎందుకనగా మోటారుసైకిలు ట్యాంకుమీది సంచిలో, ఎర్రదుమ్ములో, గతుకుల బాటపై అది ప్రయాణము చేయవలసియున్నది. కీళ్లు గట్టివైన మొద్దు యంత్రమే అందునకు తగును. తక్కువ ధర తెరలు సాధారణముగా 250 నిట్ల కాంతి గలవి. మే మాసపు నల్లగొండ యెండలో అవి అద్దములగునే కాని తెరలు కావు. దానికై రెట్టింపు వెల పెట్టి వెలుగు తెర కొనవచ్చును, లేదా గ్రౌండు అంచున నున్న వేపచెట్టు క్రిందికి పిల్లలను పిలువవచ్చును. పిల్లలకును, బ్యాటరీకిని ఆ యెండలో నీడ ఎటులైనను అవసరమే. బ్యాటరీ విషయమున మాత్రము రాజీ పడరాదు. గ్రౌండులో ప్లగ్గు ఉండదు.

కొత్తదా, వాడినదా అను మీమాంస పిదప వచ్చును. అదే ధరకు 4 జీబీల ర్యాముతో మెరయు కొత్త యంత్రమొకటి, ఏదో ఆఫీసులో మూడేండ్లు పనిచేసి శుభ్రపడి వచ్చిన 8 జీబీల రీఫర్బిష్డ్ యంత్రమొకటి ప్రక్కప్రక్కనే దొరకును. రెండవదియే పనికి మేలని చెప్పుటకు నేను సంశయింపను. విండోస్ 10కు ఉచిత భద్రతా మార్పులు 2025 అక్టోబరు 14తో నిలిచినవి గనుక, విండోస్ 11 అంగీకరించు ప్రాసెసరు, అనగా ఇంటెల్‌లో స్థూలముగా ఎనిమిదవ తరము మొదలుకొని ఉన్నదేదో చూచుకొనవలెను. బ్యాటరీ ఆరోగ్యమును అక్కడనే పరీక్షింపవలెను. ఐనను ‘వాడిన వస్తువు’ అనగానే మన మనస్సులో నొక శంక లేచును. దసరానాడు ఆయుధపూజలో కొడవలి, కత్తెర, నాగలి, మోటారుసైకిలు వరుసగా నిలిపి కుంకుమ పెట్టు మన ఇండ్లలో, ఆ నాగలి తాతనాటిదా, నిన్న కొన్నదా అని ఎవరును అడుగరు. అరిగిన పిడికే ముందు బొట్టు పెట్టు ఇండ్లున్నవి. పూజ అందుకొనునది వస్తువు వెల కాదు, దానిచే జరిగిన పని. వాడిన యంత్రమును మైలగా తలచుట ఆ పూజయొక్క భావమునకే విరుద్ధము.

అవసరమును ముందు కొలిచికొని పిదప వస్తువునొద్దకు పోవు నీతి ఈ నేలకు కొత్తది కాదు. 1951 ఏప్రిల్ 18న, అప్పటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిలో, వినోబా భావే దళితుల వాడకు పోయి మీకేమి కావలెనని అడిగినపుడు, వారు 80 ఎకరములు కావలెనని, తమ కుటుంబములను లెక్కగట్టి, మెట్ట యింత, తరి యింత అని విడదీసి చెప్పిరి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరములిత్తుననెను. భూదానోద్యమము ఆ దినమున పుట్టినది. ఆ ఘట్టమున దాత నామమే అందరికిని గుర్తున్నది. నాకు మాత్రము ఆ అడిగినవారి యందలి గౌరవము మిన్నగా తోచును. దరిద్రులైనను వారు ‘ఏదైన ఇయ్యుడ’ని చేయి చాపలేదు, అత్యాశకును పోలేదు. తమ అవసరము తమకు అంకెలలో తెలిసియుండుట వారి స్వాతంత్ర్యమునకు ఆధారమైనది. అవసరము తెలియనివాడు, వాని చేత ఎంత ధనమున్నను, అమ్మువాని మాటకు లోబడి కొనును.

ఐతే ఇచ్చట ఒక ప్రమాదమున్నది. దీనిని గూర్చి నేను గట్టిగా చెప్పవలసియున్నది. అపరిగ్రహము, అనగా అవసరమునకు మించి పోగుచేయకుండుట, ఎవరికి వారు పూనవలసిన వ్రతము. ఇతరుల నెత్తిన పెట్టరాదు. ‘పల్లెటూరి పిల్లలకు ఇది చాలును’ అను మాట వైరాగ్యపు వేషము వేసికొనిన అన్యాయము. ఇదే జిల్లా పేరుతో ‘నల్లగొండ పద్ధతి’ యని లోకమున ప్రసిద్ధమైన ప్రక్రియ యొకటి కలదు: నాగపూరులోని నీరీ సంస్థ శాస్త్రజ్ఞులు 1970వ దశకమున రూపొందించినది. పటికయు, సున్నమును కలిపి, కలియబెట్టి, మడ్డి పేరనిచ్చి, ఇంటి బకెట్టులోనే నీటినుండి ఫ్లోరైడును తగ్గించు ఉపాయము. స్వల్ప సాధనముతో మహోపకారము చేయగోరిన ఆ బుద్ధికి నమస్కరింతును. కాని ఆ ఫ్లోరైడు నీటిచే ఎముకలు వంగిపోయిన మర్రిగూడ ప్రాంతపు జనులు, మీకు పటిక ఉన్నది గదా అన్నచో ఊరకుండవలెనా? వారు కృష్ణాజలము కావలెనని దశాబ్దములు పోరాడిరి. ఆ పోరాటము న్యాయమైనది. ఆ సీమలో పిల్లలకు పరుగు నేర్పువాడు ఆ దేహములు ఏ నీరు త్రాగి పెరిగినవో మరువరాదు.

మరి చవుకకు హద్దెక్కడ? నాకు తోచిన సమాధానమును భువనగిరి చెప్పుచున్నది. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మోయుచున్న ఆ ఏకశిలపై, శేఖర్‌బాబు బచినేపల్లి శిక్షణలో గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎక్కుట నేర్చుకొని, 2014 మే 25న ఎవరెస్టు శిఖరమున నిలిచిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. వారిని పంపిన, సాంఘిక సంక్షేమ గురుకులముల అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పాలమూరు సీమలోని ఆలంపురమువారు. బండ ఉచితముగా దొరకినది. తొలి పాఠములకు ప్రకృతి ఇచ్చిన ఆ బండయే చాలినది. త్రాడు మాత్రము ఉచితముగా దొరకినదియు, చవుకదియు కారాదు. బిడ్డ ప్రాణము, ఎముక, మరల రాని కౌమారకాలము ఏ సాధనముపై ఆనియున్నవో అచ్చట పొదుపు పాపము. గురువుయొక్క సౌఖ్యము, ఆడంబరము, నలుగురిలో మెప్పు మాత్రమే దేనిపై ఆనియున్నవో అచ్చట పొదుపు ధర్మము. ల్యాప్‌టాప్ ఈ రెండింటి నడుమ నిలుచును. తెర నునుపు విషయమున తగ్గింపవచ్చును; ఆగి ఆగి తెరుచుకొనుచు ముప్పదిమంది పిల్లలను గ్రౌండులో నిలువబెట్టు యంత్రమును, ‘చవుకగా వచ్చినది’ అని తెచ్చుట తగదు. ఆ నిలుచున్న కాలము పిల్లలది.

హైదరాబాదు ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబును ఇచ్చట తలచుకొనవలెను. వృత్తిచే ఉపాధ్యాయుడైన ఆయన శిక్షణలో భారతదేశము 1951లోను, 1962లోను ఆసియా క్రీడల స్వర్ణములు గెలిచినది, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానమున నిలిచినది. ఆయన బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు, బంతిని తన వద్ద నిలుపుకొని సాగుట నిషిద్ధమైన పోటీలు నడిపించెను. చేతనున్న బలమును కొంతసేపు ప్రక్కన పెట్టించి, దాగిన బలమును బయటికి తీయుట! కరణమును విడుచుట గూడ ఒక శిక్షణయని దీనివలన తేలుచున్నది. ల్యాప్‌టాప్ కొన్న గురువు వారమునకు కొన్ని దినములు దానిని తెరువక, ఈ దూకులో ఏమి జరిగినదో నీవే చెప్పుమని బాలికను అడుగవలెను. తెరను చూచి నేర్చుకొన్నది ఆమె దేహములోనికి దిగినదో లేదో ఆమె మాటయే చెప్పును. యంత్రము లేనిదే తన దూకును తాను ఎరుగని స్థితికి ఆమెను తెచ్చినచో గురువు ఆమె కర్తృత్వమునే అపహరించినవాడగును. ఇది అస్తేయమునకు, అనగా పరుల సొత్తు దొంగిలింపకుండు వ్రతమునకు, భంగము.

పరిగ్రహమును గూర్చి పూర్వులు ఊహింపని సంగతి యొకటి మిగిలియున్నది. వారు పోగుచేయుటయనగా ధాన్యము, గోవులు, బంగారము అనుకొనిరి. మనము దృశ్యములను పోగుచేయుచున్నాము. ఒక్క ఋతువు గడచుసరికి గురువు యంత్రములో వందలకొలది వీడియోలుండును: చిన్నపిల్లలు, ఆట దుస్తులలో, పడుచు, ఏడ్చుచు, ఓడుచు. అవి ఆ పిల్లలవి. తల్లిదండ్రులు నమ్మి అప్పగించిన నిక్షేపములు. మొబైలు గ్రూపులలో పంచుటకును, తన ప్రతిభకు సాక్ష్యముగా దాచుకొనుటకును ఆయనకు హక్కు లేదు. కావున 256 జీబీల ఎస్‌ఎస్‌డీ చాలదని 1 టీబీ కొనదలచు గురువు, కొనుటకు ముందు, ఇందులో నేను ఉంచదగినవి ఎన్ని యని లెక్క చూచుకొనవలెను. యంత్రమునకు పాస్‌వర్డ్ పెట్టవలెను; దానిని తిరిగి అమ్మునాడు డిస్కును పూర్తిగా తుడిపింపవలెను. బాలిక పదవ తరగతి ముగించి ఊరు విడుచునాడు, ఆమె దూకులన్నియు ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఆమెకును, ఆమె తల్లికిని ఇచ్చి, తన ప్రతిని వారి యెదుటనే చెరిపివేయవలెను.