చేతికొదిగిన రంపము

మ్రానులను గోయు గొలుసు రంపమును క్రొత్తగా గొనువాడు అంగడిలో మొదట దాని బలమును గూర్చి యడుగును. పిమ్మట వెలను గూర్చి. చిరకాలము దానితో బ్రదికినవాడు ఈ రెంటిని విడిచి, ముందుపిడిని ఎడమచేత బట్టి పైకెత్తి చూచును. పట్టె ముందునకు వ్రాలుచున్నదా, యంత్రము వెనుకకు లాగుచున్నదా, లేక రెండును తూగి సమముగా నిలుచుచున్నవా యని కనిపెట్టును. సమముగా నిలిచినచో నతని ముఖమున నొక తృప్తి కానవచ్చును. ఆ తృప్తి వట్టి దేహసుఖమేనా, లేక దానియందు ధర్మమునకు గూడ చోటున్నదా యనునది నే నిచట విచారింపదలచిన విషయము. రంపమును గూర్చి ధర్మవిచారమా యని నవ్వువారు నవ్వవచ్చును. వ్రాతబల్లయొద్ద గూర్చుండు మనము కలమును గూర్చి యింతకంటె నెక్కువ పేచీలు పెట్టుచునే యున్నాము.

ఈ పనిముట్టు మనుష్యుని చేతి కొదుగుటకు బహుకాలము పట్టినది. 18వ శతాబ్దాంతమున స్కాట్లండు వైద్యులైన ఎయిట్కెన్, జెఫ్రే యనువారు ఎముకను గోయుటకై చేతితో లాగెడు చిన్న పండ్ల గొలుసును వాడుకలోనికి దెచ్చిరి. జర్మనీలో అండ్రియాస్ ష్టిల్ 1926లో విద్యుత్తుతో నడచు మ్రానుకోత రంపమును నిర్మించెను. దానిని మోయుటకు ఇద్దరు మనుష్యులు కావలసివచ్చిరి. ఒక్కడు మోయదగిన పెట్రోలు రంపము ఆ కర్మాగారమునుండి వెలువడుటకు 1950వ సంవత్సరము రావలసివచ్చెను. ఈ నడుమ, 1946లో, అమెరికాలోని ఆరెగాన్ సీమలో జోసెఫ్ కాక్స్ అను మ్రానుకోతగాడు ఒక మొద్దును దొలుచుచున్న పురుగును జూచెను. దాని దవడలు కుడికి నెడమకు మరలుచు కొయ్యను చెక్కుచుండెను. గొలుసు పండ్లు నట్లే యుండరాదా యని తలచి, 1947లో నట్టి గొలుసును చేసి యమ్మనారంభించెను. పుస్తకములు చదివినవారికి దోచని యుపాయము మొద్దుప్రక్కన గూర్చున్నవానికి దోచెను. మన విద్యావంతులకు ఇంతకంటె మంచి పాఠము నేను వెదకి తేజాలను.

అయినను, చేతి కొదుగుట యనగా బరువు తగ్గుట మాత్రమే కాదు. గొలుసు రంపము మిక్కిలి వణకును. ఆ వణకు పిడిగుండ చేతిలోనికెక్కి, యేండ్ల తరబడి పనిచేసినవాని వ్రేళ్లయందలి సన్నని రక్తనాళములను జెరచును. చలివేళ వ్రేళ్లు పాలిపోయి తెల్లనగును; స్పర్శ నశించును; తుదకు చొక్కాబొత్తాము పెట్టుకొనుటయు కష్టమగును. అడవులలో బనిచేయువారి చేతులయందు వైద్యులు ఈ వ్యాధిని గుర్తించిన పిమ్మట, 1960 తరువాతి సంవత్సరములలో యంత్రమునకును పిడులకును నడుమ రబ్బరు దిమ్మల నమర్చు పద్ధతి వ్యాపించెను. 1970 తరువాత, రంపము వెనుకకెగిరినప్పుడు గొలుసును క్షణములో నిలిపివేయు అడ్డుకట్టయు జేరెను. కావున "ఇది నా చేతికి సరిపోయినది" యను మాట విలాసపు మాట కాదు. బొత్తాము పెట్టుకొనగల చేయి ముసలితనమువరకు మిగులునా మిగులదా యనునది ఆ మాటలో నిమిడియున్నది.

ఇంతమాత్రమున చేతికి హాయిగా దోచినదెల్ల మంచిదనియు జెప్పరాదు. ఎడమచేతివాటము గలవాని సంగతి చూడుడు. గొలుసు రంపము కుడిచేయి వెనుకపిడిని, ఎడమచేయి ముందుపిడిని బట్టునట్లుగా నిర్మింపబడినది. అతడు చేతులు మార్చి పట్టినచో నతనికి సుఖముగనే యుండును. కాని పట్టె కొనయొక్క పైభాగము కొయ్యకు దగిలి రంపము ఎగసినప్పుడు, అది వచ్చు త్రోవలోనే యతని మెడయు ముఖమును ఉండును. అతడు తన సుఖమును గొంత విడిచి, అభ్యాసముచేత వేరొక సుఖమును సంపాదింపవలసినవాడు. ఉపనిషత్తు ప్రేయస్సును శ్రేయస్సును వేరుచేసినది ఇట్టి సందర్భములకే యని నా యభిప్రాయము. వైరాగ్యమునకు మాత్రమే దానిని వాడుట మన పండితుల లోభము.

వ్యాకరణ మిచట మనకు దోడగును. క్రియాసిద్ధికి మిక్కిలి తోడ్పడునది కరణమనియు, స్వతంత్రుడు కర్తయనియు పాణిని చెప్పెను. కాని పనిముట్టుయొక్క గొప్పను జెప్పదలచినప్పుడు "కత్తి చక్కగా గోయుచున్నది" యని కరణమునే కర్తగా జేయవచ్చునని వైయాకరణుల సమ్మతి. అందమైన ప్రయోగమే! అయితే దీనిని మనము ప్రమాదము గలిగినప్పుడును వాడుకొనుచున్నాము. "రంపము కాలు గోసెను" అందుము; లేనిచో "కూలివాడు అజాగ్రత్తపరుడు" అందుము. ఆ రంపమును గొన్నవాడు ఈ రెండు వాక్యములలో నెచటను గానరాడు. వ్యాకరణ మతనిని మరువలేదు: కర్తను బ్రేరేపించువానికి హేతువని పేరు పెట్టినది.

చెట్టు గోయుట సులభమైనకొలది ఈ హేతువు బాధ్యత పెరుగును. పూర్వము దుంగపై నొకడు, గోతిలో నొకడు నిలిచి పెద్దరంపమును లాగువారు. క్రిందివాని కన్నులలో పొట్టు రాలుచుండెడిది. ఆ కష్టమును నేను పొగడను. కాని ముప్పదియేండ్ల టేకు నేడు కొన్ని నిమిషములలో కూలుచున్నది. వలదని తలచుటకు దొరకెడి యెడము పోయినది. కోతకు ముందే యనుమతి పొందవలెనని 2002 నాటి జల, భూమి, వృక్షముల చట్టము విధించినది. ఆ యనుమతిని దెచ్చుకొనవలసినవాడు చెట్టు యజమానియే కాని రంపము పట్టినవాడు కాడు.

మనము మహర్నవమినాడు ఆయుధములకు పసుపు కుంకుమలు పెట్టుదుము. రంపమునకు బొట్టు పెట్టినవారు, దానిని పట్టు చేతిని ఒకమారు చాపి చూపుమని యడిగినట్లు నేను వినలేదు. మొండిపడిన గొలుసు చెక్కుపేళ్లను రాల్చుటకు మారుగా పిండివంటి పొడిని రాల్చుననియు, అప్పుడు పనివాడు తన బాహుబలముతో రంపమును నొక్కవలసి వచ్చుననియు యజమానికి దెలియదు. ఆకురాయికి డబ్బడిగినచో విసుగుకొనును. రంపమును గొనునప్పుడును, తరచుగా నతడొక్కడే పట్టణమునకు బోయి, చౌకయైనదానిని బేరమాడి తెచ్చును. దినమెల్ల దానిని మోయవలసినవాడు దాని బరువును మొదటిమారు తెలిసికొనుట చెట్టుక్రిందనే.