పరిణామవాదంపై చర్చ – ఎవరి కోసం?

ఇంటర్‌లో బైపీసీ చదివే పిల్లలు నేడు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. కాలేజీలో లెక్చరర్ గారు డార్విన్ పరిణామ సిద్ధాంతం బోధిస్తారు. ఇటు కొన్ని బయానుల్లో అదంతా కట్టుకథ అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తారు. పిల్లవాడు రెండూ వింటాడు. ఎవరినీ ఏమీ అడగడు. లోలోపల మాత్రం ఒక నిర్ణయానికి వస్తాడు. అది ఏమిటో తల్లిదండ్రులకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. కనుక దీనిపై చర్చ జరగవలసిందే. ఎలాంటి చర్చ అన్నదే ప్రశ్న.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో డోవర్ అనే ఊరుంది. డార్విన్ సిద్ధాంతంలో ఖాళీలున్నాయనీ, 'ఇంటెలిజెంట్ డిజైన్' అనే మరో వివరణ ఉందనీ తొమ్మిదో తరగతి విద్యార్థులకు చదివి వినిపించాలని అక్కడి పాఠశాలల బోర్డు 2004లో నిర్ణయించింది. జీవుల నిర్మాణం ఇంత సంక్లిష్టంగా ఉందంటే దాని వెనుక తెలివైన రూపకర్త ఉండి తీరాలన్నది ఆ వాదం. కొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఆ వాదం విజ్ఞానశాస్త్రం కాదని జడ్జి జాన్ జోన్స్ 2005 డిసెంబరు 20న తీర్పు చెప్పారు. దాని తరఫున సాక్ష్యమిచ్చిన ప్రొఫెసర్ మైకేల్ బీహీ, తన నిర్వచనం ప్రకారమైతే జ్యోతిషం కూడా శాస్త్రీయ సిద్ధాంతమే అవుతుందని బోనులో ఒప్పుకోవలసి వచ్చింది.

మనవారిలో చాలామంది ఈ వాదాన్ని ఇస్లాంకు మిత్రపక్షం అనుకుంటారు. కాస్త ఆలోచించండి. ఆ రూపకర్త ఎవరో మా సిద్ధాంతం చెప్పదని వారే అంటారు. ప్రవక్తలను పంపని, ఆరాధన కోరని, లెక్క అడగని ఆ అనామకుడు రబ్బుల్ ఆలమీన్ ఎలా అవుతాడు? పైగా సైన్సుకు అంతుపట్టని చోటే ఆయన పనిని చూపుతారు. బాక్టీరియా ఈదడానికి వాడే తోకను ఉదాహరణగా చెబుతారు. రేపు దాని సంగతీ అంతుపడితే మన ఈమాన్ ఒక మెట్టు దిగాలా? మేఘం ఎలా ఏర్పడుతుందో బడిపిల్లలకూ తెలుసు. అయినా వర్షం కురిపించేవాడు అల్లాహ్ అనే అంటున్నాం. గర్భంలో శిశువు ఎదుగుదలను స్కానింగులో చూస్తున్నాం, చూసి అల్‌హందులిల్లాహ్ అంటున్నాం. కారణం తెలిసినంత మాత్రాన కర్త తొలగిపోడు.

దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ పసివాడి మరణం వల్లే పట్టిందని జనం అనుకున్నారు. ఆయన మౌనంగా ఉంటే చాలు, అది గొప్ప మహిమగా ప్రచారమయ్యేది. కాని ఆయన ఆ మాటను అప్పటికప్పుడే ఖండించారు. ఎవరి చావుపుట్టుకల కోసమూ గ్రహణం పట్టదని స్పష్టం చేశారు. తర్వాతి కాలంలో ఇమామ్ గజాలీ (రహ్మ) 'తహాఫుతుల్ ఫలాసిఫా'లో గ్రహణాల సంగతే ఎత్తారు. లెక్కలతో రుజువైన దాన్ని ధర్మం పేరుతో కాదనేవాడు, ధర్మంపై దాడి చేసేవాడికంటే ఎక్కువ నష్టం కలిగిస్తాడని హెచ్చరించారు.

ఈ హెచ్చరిక పట్టించుకోకపోతే ఏమవుతుందో చూశాం. టర్కీకి చెందిన హారూన్ యహ్యా 'అట్లస్ ఆఫ్ క్రియేషన్'లో, పురుగు అంటూ అచ్చేసిన ఒక ఫోటో నిజానికి చేపల గాలానికి కట్టే బొమ్మ పురుగుది! ప్రపంచమంతా నవ్వింది.

అలాగని ఏది చెబితే దానికి తలూపమని కాదు. హజ్రత్ ఆదం (అ) సృష్టి గురించి దివ్యఖుర్ఆన్ స్పష్టంగా చెప్పింది. అది మన విశ్వాసం, అందులో బేరం లేదు. చెట్లు, చేపలు, గుర్రాలు ఏయే దశలు దాటి వచ్చాయన్న దానిపై అలాంటి స్పష్టమైన వచనం లేదు. అక్కడ శాస్త్రజ్ఞుల ఆధారాలు వినడానికి భయమెందుకు? అయితే 'కనుక సృష్టికర్త లేడు' అని ఎవరైనా ముగిస్తే, ఆ మాట ఏ ప్రయోగశాలలో తేలిందని మర్యాదగా అడగవచ్చు. అది సైన్సు కాదు, ఆయన సొంత విశ్వాసం.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామ పాఠాన్ని తీసివేసినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు నిరసన లేఖపై సంతకాలు చేశారు. అది మనం సంతోషించదగ్గ విషయం కాదు. చదవని దానితో మన పిల్లలు ఎలా వాదిస్తారు? ఖతీబ్ సాహెబులకు నా విన్నపం ఒక్కటే. ఖుత్బాలో డార్విన్ పేరెత్తే ముందు ఆ పాఠం ఒకసారి చదవండి. ఇషా తర్వాత ఒక రోజు కుర్రాళ్లను కూర్చోబెట్టి, ముందు వారిని మాట్లాడనివ్వండి. జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి. ఇమామ్ మాలిక్ (రహ్మ) అంతటివారే ఎన్నో ప్రశ్నలకు ఆ జవాబే చెప్పేవారు.